నాలుగో నిమిషం

మళ్ళీ నాలుగో నిమిషంలోనే. గడియారం చూడకూడదు, చూడకూడదు అని ఒట్టేసుకుని కూడా రొండా మణికట్టు తిప్పి చూసింది, మూడు నిమిషాల యాభై సెకన్లు, దాని కింద ఎర్రగా నూట డెబ్బై ఆరు, అది గుండె లెక్క, ఆ అంకె ఎర్రబడిందంటే చాలు పై ప్రాణాలు పైనే పోతాయి, ఇంకా మొదటి బెంచీ అయినా రాలేదు, ఎదురుగాలి లేదు, ఎత్తు లేదు, నీళ్ళు నిండిన పాత ఇనుప గని గోతి పక్కన బల్లపరుపుగా పరిచిన ఎర్రమట్టి దారి, మూడు వారాల కిందట ఇదే దారిలో ఇరవై ఎనిమిది నిమిషాలు ఆగకుండా పరిగెత్తింది తనే కదా, ఇంటికెళ్ళి ఫ్రిజ్ తలుపు మీద ఇరవై ఎనిమిది అని రాసి చుట్టూ సున్నా చుట్టింది తనే కదా, మరి ఈ కాళ్ళు ఎవరివమ్మా, తడి ఇసుక బస్తాలు తగిలించినట్టు ఈ కాళ్ళు ఎక్కడివి, ఊపిరి గొంతు దాకా వచ్చి అక్కడే నిలబడిపోతోంది, లోపలికి పోనంటుంది, బయటికి రానంటుంది. ముందు తనతో పాటు పరుగు నేర్చుకుంటున్న ఐదుగురు ఆడవాళ్ళు, అందరి ఒంటి మీదా నారింజ రంగు చొక్కాలే, జింకల వేట మొదలైన శనివారం కదా, ఇవాళ అడవి పక్కన రంగు లేకుండా తిరిగితే తూటా తగిలినా అడిగే నాథుడుండడు, ఆ నారింజ వీపులు చిన్నవైపోతున్నాయి, వాళ్ళ నవ్వులు వినపడుతున్నాయి, అంటే వాళ్ళకి పరిగెడుతూ నవ్వడానికి కూడా ఊపిరి మిగులుతోందన్నమాట. ఆగస్టు చివర్లో వీళ్ళంతా తన వెనకే ఉండేవాళ్ళు. రొండా ఆగింది. ఎవరైనా వెనక్కి తిరిగి చూస్తారేమోనని వంగి బూటు లేసు పట్టుకుంది, ముడి గట్టిగానే ఉంది, విప్పింది, మళ్ళీ కట్టింది.

కట్టుకుంటూ ఉండగానే తెలిసింది, ఈ వంగడం తనది కాదు, నాన్నది. ఆ ఏడు హాలోవీన్ నాడు మొదలైన మంచు మూడు రోజులు ఆగలేదు, బడికి సెలవు, పన్నెండేళ్ళ రొండా వంటింటి కిటికీ దగ్గర కోకో కప్పు పట్టుకుని నిలబడి ఉంటే బయట నాన్న పార పట్టుకుని కారుకి దారి చేస్తున్నాడు, నాలుగు పారలు, ఆగడం, నాలుగు పారలు, ఆగడం, ఆగినప్పుడల్లా వంగి బూటు లేసు కట్టుకోవడం, అమ్మ గిన్నెలు కడుగుతూ, “మీ నాన్న బూట్లకి కొత్త లేసులు కొనాలే, అస్తమానం ఊడిపోతున్నాయి” అంది, రొండా నవ్వింది, నవ్వుతూ కప్పులో చూసుకుంది, తల ఎత్తేసరికి నాన్న మోకాళ్ళ మీద ఉన్నాడు, లేసు కట్టుకుంటున్నాడనే అనుకుంది, ఎంతసేపు అనుకుందో దేవుడికే తెలియాలి. నలభై ఆరేళ్ళు. వచ్చే జనవరికి రొండాకీ నలభై ఆరు వస్తాయి. అప్పుడు నాన్న ఎంత పెద్దవాడిలా కనిపించేవాడో! ఇప్పుడు లెక్కేస్తే తన ఈడు వాడు, తనతో పాటు బడి వంటింట్లో ఉల్లిపాయలు తరిగే వాళ్ళ ఈడు వాడు.

నాన్న పోయాక అందరూ ఒకటే మాట అన్నారు, రాయ్‌ని మంచు తీసుకుంది అని. ఆ ఊళ్ళో చావులకి అలాగే పేర్లు పెడతారు. తాతని ముప్ఫై తొమ్మిదో ఏట ఆవిరి స్నానపు గదిలో వేడి తీసుకుంది. నాన్న అన్న యూజిన్‌ని చేపలు పడుతుండగా సరస్సు తీసుకుంది, నడుము లోతు నీళ్ళలో, ఈత వచ్చిన మనిషిని, ఎలా తీసుకుందని ఒక్కరూ అడగలేదు. వేడి తీసుకుంది, సరస్సు తీసుకుంది, మంచు తీసుకుంది, గుండె మాత్రం ఆ ఇంట్లో పాపం ఎవరి జోలికీ పోలేదు! అంత్యక్రియలయ్యాక చర్చి కింది హాల్లో అందరూ కాఫీ తాగి, బంగాళాదుంపల కూర తిని, ఈసారి మంచు మరీ ఎక్కువ పడిందని చెప్పుకుని ఇళ్ళకి వెళ్ళారు. ఫిర్యాదు చెయ్యడం, డాక్టర్ల చుట్టూ తిరగడం, కారణాలు తవ్వడం, ఇవన్నీ పని లేనివాళ్ళ లక్షణాలని అమ్మ నమ్మకం, అమ్మ అమ్మ నమ్మకం కూడా. రొండా కూడా నమ్మింది, నమ్మితే హాయిగా ఉంటుంది కనక నమ్మింది. మరి మంచు తీసుకున్నదే అయితే నవంబరులో పొడి నేల మీద, మంచు రవ్వ లేని చోట, నాలుగు నిమిషాలకే నన్ను ఏం తీసుకుంటోంది? లేచి నిలబడి నడవడం మొదలుపెట్టింది. నూట నలభై. నూట ముప్ఫై ఎనిమిది. తగ్గవే తల్లీ, తగ్గు.

పోనీ ఇవాళ ఒక్కరోజేనా అంటే కాదు. రెండు వారాల నుంచీ ఇదే వరస. మొదటిసారి ఇరవై నిమిషాలకి ఆగిపోయింది, రాత్రి నిద్ర చాలలేదులే అనుకుంది. మర్నాడు పరుగు మాని ఒంటికి విశ్రాంతి ఇవ్వాల్సిన రోజు, కానీ నిన్నటిది నిజమో కాదో చూద్దామని ఒక్కతే వచ్చి పరిగెత్తింది, పద్నాలుగు. ఆ మర్నాడు చీకటితోనే లేచి మళ్ళీ వచ్చింది, ఇంకాస్త గట్టిగా, పళ్ళు బిగించి, బాగుంటే ఈ వేగానికి తట్టుకోవాలి కదా అని, పదకొండు. బడి వంటింట్లో మధ్యాహ్నం పూట ఎవరూ లేకుండా చూసి సరుకుల గది మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగి వేలు మెడ మీద పెట్టుకుని లెక్కపెట్టుకుంది. రోజూ పరీక్షే, రోజూ తప్పడమే, తప్పిన కొద్దీ మర్నాడు ఇంకా గట్టిగా పరీక్ష పెట్టుకోవడం. తిండి సహించడం మానేసింది, గుండె జబ్బు ఉన్నవాళ్ళు వెన్న తినకూడదట కదా అని వెన్న మానేసింది, మాంసం మానేసింది, మొన్నటి నుంచి పొద్దున బ్రెడ్డు కూడా మానేసింది. డేల్‌కి చెప్పలేదు. చెప్తే మొగుడు కనక కంగారుపడతాడని కాదు, కంగారుపడడు, “ముసలిదానివైపోతున్నావే” అని నవ్వి వీపు మీద చరుస్తాడు, ఆ నవ్వు భరించడం కష్టం. నిన్న సాయంత్రం తుపాకీ, నిద్రసంచీ, రెండు పెట్టెల బీరు వేసుకుని వేట గుడిసెకి వెళ్ళిపోయాడు, అక్కడ ఫోన్ కూడా అందదు, మంగళవారం దాకా లోకంలో లేనట్టే.

డేల్‌కి చెప్పకపోవడానికి అసలు కారణం ఇదేనా? కాదు. నాలుగు అడుగులు వేసింది. కాదని తెలుసు. డేల్‌కి చెప్తే, నవ్వడం అయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్ళమంటాడు, డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న తనకి కంఠతా వచ్చు, ఎందుకంటే దానికి జవాబు తను ఆరుసార్లు రాసింది. బడిలో ఆటలాడే పిల్లలకి ఏటా జులైలో ఒక ఫారం ఇస్తారు, డాక్టరు సంతకం ఒక వైపు, తల్లిదండ్రుల సంతకం ఇంకో వైపు, మధ్యలో గళ్ళు: మీ కుటుంబంలో ఎవరైనా యాభై ఏళ్ళ లోపు గుండె జబ్బుతో గానీ, కారణం తెలియకుండా గానీ హఠాత్తుగా చనిపోయారా? అవును, లేదు. కూతురు బ్రిట్టాకి పన్నెండేళ్ళప్పుడు మొదటిసారి వంటింటి బల్ల మీద కాఫీ పక్కన పెట్టుకుని చకచకా ‘లేదు’ గడిలో గీత పెట్టేసింది, అప్పుడు అబద్ధం కాదు, ఒట్టు, నాన్నని మంచు తీసుకుంది కదా. రెండో ఏడు కలం ఆ గడి దగ్గర కాస్త ఆగింది. మూడో ఏడు కలం పక్కన పెట్టి, లేచి వెళ్ళి గిన్నెలన్నీ కడిగి, వచ్చి కూర్చుని, పెట్టింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. ‘అవును’ అంటే ఏమవుతుందో తెలుసు, డులూత్‌లో పెద్ద ఆసుపత్రికి పంపుతారు, గుండెకి ఫోటోలు తీస్తారు, తీసేదాకా మంచు గడ్డ మీద అడుగు పెట్టొద్దంటారు, తీశాక అసలే పెట్టొద్దనొచ్చు. ఆ పిల్ల నడక కంటే ముందు స్కేటింగ్ నేర్చింది. ఐస్ హాకీ లేకపోతే ఆ పిల్లకి ఏముంది, డులూత్ కాలేజీ వాళ్ళు చదువు చెప్తున్నదే హాకీ కోసం. ఆడపిల్లలకి అలాంటివి రావులే, తాత, పెదనాన్న, నాన్న, అందరూ మగవాళ్ళే కదా, నాకేం రాలేదు కదా అని తనకి తనే చెప్పుకుంది. నాకేం రాలేదు కదా. ఆ ఒక్క మాట మీదే ఇన్నేళ్ళూ ఇల్లు నిలబెట్టింది. ఇప్పుడు నాకే వస్తే?

“ఏమే రొండా! నడుచుకుంటూ వస్తే టర్కీ కోడి కూడా నీకంటే ముందు చేరుతుందే!” ఎదురుగా జూన్ టీచర్, అరవై ఏడేళ్ళ మనిషి, గుంపుని ముందుకి తోలేసి తన కోసం వెనక్కి పరిగెత్తుకొస్తోంది, ఆయాసం లేదు, తలమీద నారింజ రంగు ఊలు టోపీ. రొండా బడిలో ఉన్నప్పుడు ఆవిడే ఆటల టీచరు, ఇప్పుడు ఈ ఊళ్ళో కొత్తగా పరుగు మొదలుపెట్టిన ఆడవాళ్ళందరినీ పోగేసి థాంక్స్‌గివింగ్ పండగ నాటి మూడు మైళ్ళ పరుగుకి తయారు చేస్తోంది. దగ్గరికొచ్చి మొహం చూసి జోకు ఆపేసింది. “ఏమైందే? పాలిపోయావు.”

“ఏం లేదు టీచర్. లేసు ఊడింది.”

“నలభై ఏళ్ళు పిల్లల్ని పరిగెత్తించాను. లేసులు ఊడడం చూస్తే మనిషి అలిసిపోయిందో, భయపడుతోందో, మొగుడితో గొడవ పడిందో చెప్పేస్తాను. కూర్చో.” బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని వరసగా అడిగింది. ఛాతీలో నొప్పా? లేదు. కళ్ళు తిరుగుతున్నాయా? లేదు. ఎన్నాళ్ళనుంచి? రెండు వారాలు. వారంలో ఎన్నిసార్లు పరిగెడుతున్నావు, నేను చెప్పిన మూడేనా? రొండా మళ్ళీ లేసు వైపు వంగింది. “ఎన్నే?” “ఏడు.” “మెల్లగానా?” “గట్టిగా. తగ్గిందో లేదో చూద్దామని.” “ఓరి దేవుడా! కాలిన పుండుని రోజూ గిల్లి చూసుకుంటూ మానలేదే అంటావా! పొద్దున ఏం తిన్నావు?” “కాఫీ.” టీచర్ నెత్తి కొట్టుకుంది, కొట్టుకుని, ఏదో గుర్తొచ్చినట్టు వేలు చూపించింది. “చర్చి దగ్గరికి రక్తదానం బస్సు వచ్చింది రెండు వారాల కిందటే కదే. నువ్వు ఇచ్చావా?”

ఇచ్చింది. ఇవ్వకుండా ఎలా ఉంటుంది, పద్దెనిమిదో ఏటి నుంచీ ఇస్తోంది, ఆ బస్సు వచ్చిన రోజున ఊళ్ళో సగం మంది చొక్కా చేతులు మడుచుకుని వరసలో నిలబడతారు, ఇన్ని గ్యాలన్లు ఇచ్చినందుకని టోపీకి గుచ్చుకునే చిన్న పిన్నులు ఇస్తారు, రొండాకి నాలుగున్నాయి, అది చెత్త బయట పెట్టడం లాంటి పని, చేసి మర్చిపోయేది, ఎవరికైనా చెప్పుకునే సంగతని కూడా తోచదు.

“ఇంకేం మరి!” టీచర్ పకపకా నవ్వింది, గోతి నీళ్ళ మీది బాతులు ఎగిరిపోయేంత గట్టిగా. “ఊపిరి మోసేది ఆ రక్తమే కదే పిచ్చిదానా. సీసాడు తీసి ఇచ్చేసి, మాంసం మానేసి, పస్తులుండి, రోజూ గుర్రంలా పరిగెత్తి, నాకు ఓపిక తగ్గిపోయిందీ అంటే తగ్గదా? మళ్ళీ ఊరడానికి నెలలు పడుతుంది, ఈలోగా ఒళ్ళు కూడదీసుకోనివ్వాలి. కొత్తవాళ్ళందరికీ ఇదే జబ్బు, మొదటి రెండు నెలలు దూసుకుపోతారు, అదే వరస ఎప్పటికీ ఉంటుందనుకుంటారు, ఒక్క మెట్టు దిగగానే లోకం మునిగిందని ఇంకా గట్టిగా పరిగెడతారు. వారం పాటు నడువు, తిను, పడుకో. తర్వాత నాతో కబుర్లు చెప్పగలిగినంత మెల్లగా పరిగెత్తు. సోమవారం క్లినిక్‌కి పోయి రక్తం, గుండె రెండూ చూపించుకో, నేను డాక్టర్ని కాను. కానీ నీ మొహం చూస్తే నాకైతే భయం లేదే.”

భయం లేదే. ఆ మాట వినగానే రొండాకి ఏడుపు తన్నుకొచ్చింది, పడీ పడీ నవ్వింది కూడా, బతికాను, అమ్మయ్య, బతికాను, బిస్కెట్లూ ఆరెంజి రసమూ ఇచ్చి కుర్చీలో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టిన ఆ బస్సు పిల్లాడే నా ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టుకుపోయాడన్నమాట, ఇంత చిన్నదా, ఇంతేనా, నీళ్ళ మీద ఎండ పడుతోంది, ఎంత బాగుంది, ఇంటికెళ్ళి వెన్న రాసుకుని నాలుగు బ్రెడ్డు ముక్కలు తినాలి, గుడ్లు వేయించుకోవాలి, నాకేం రాలేదు, చూశావా, నాకేం రాలేదు కదా, మళ్ళీ ఆ మాటే. ఆ మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. నాకు రాకపోతే ఆ ‘లేదు’ నిజమైపోతుందా? రెండు వారాలుగా ప్రాణం అరచేతిలో పెట్టుకుని నేను మొక్కుకున్నది నా కోసమేనా, ఆ గడి కోసమా? టీచర్ చెప్పిన కారణాలన్నీ నావి. పస్తు నాది, కొత్త కాళ్ళు నావి, బస్సు నాది. నాన్న ఆ ఏడు రక్తం ఇవ్వలేదు, పరుగు నేర్చుకోలేదు, శుభ్రంగా తిన్నాడు. నాన్నకి ఈ కారణాలేవీ లేవు. పోయిన శుక్రవారం బ్రిట్టా ఆడిన ఆట రొండా కంప్యూటర్లో చూసింది, రెండో భాగంలో పిల్ల బయటికొచ్చి బల్ల చివర కూర్చుని స్కేటు లేసు కట్టుకుంటోంది, కెమెరా అటూ ఇటూ తిరిగి మళ్ళీ అక్కడికొచ్చింది, ఇంకా కట్టుకుంటూనే ఉంది, తల మోకాళ్ళకి ఆనించి. రొండా అప్పుడేం చేసింది? కంప్యూటరు మూసేసి బట్టలు మడతపెట్టింది. చూసింది, చూడలేదనుకుంది, అమ్మ గిన్నెలు కడిగినట్టు.

ఫోన్ తీసింది. రెండుసార్లు మోగింది.

“అమ్మా? ఇంత పొద్దున్నేంటి, నాన్నకేమైనా అయిందా?” నిద్ర గొంతు.

“నాన్న బాగానే ఉన్నాడే. బ్రిట్టా, మీ తాతని మంచు తీసుకోలేదు.”

“ఏంటీ?”

“గుండె. మీ తాతకి, వాళ్ళ నాన్నకి, యూజిన్ తాతకి, అందరికీ గుండే. నీ ఫారాల్లో నేను లేదని రాశాను. ఆరేళ్ళూ రాశాను. తెలిసే రాశాను.” ఒకసారి నోరు తెరిచాక ఆగలేదు, రెండు వారాల సంగతి, నాలుగో నిమిషం, బస్సు, ఏడుసార్లు, అన్నీ కలగాపులగంగా చెప్పేసింది, పక్కన జూన్ టీచర్ టోపీ తీసి చేతిలో పట్టుకుని నేల చూస్తోంది. తిడుతుందేమో, తిట్టనీ, అర్హురాలినే.

“కాలేజీ ఫారంలో నేను కూడా లేదనే రాశానమ్మా,” అంది బ్రిట్టా. “మంచు అనే కదా చెప్పావు. అమ్మా, ఓపిక తగ్గినప్పుడు నీకు చీకటి కూడా కమ్ముతుందా?”

“చీకటా?”

“ఆడి వచ్చి కూర్చోగానే. చుట్టూ అంచుల నుంచి నల్లగా వచ్చేస్తుంది, చప్పుళ్ళు దూరమైపోతాయి. తల కిందికి పెట్టుకుంటే పోతుంది. ఒక్కోసారి వెంటనే పోదు.”

“ఎన్నాళ్ళనుంచే?”

“సెప్టెంబరు నుంచి. కోచ్‌కి చెప్పలేదు. నీకు చెప్తే కంగారుపడతావని… ఇవాళ సాయంత్రం ఏడింటికి ఆట ఉందమ్మా.”

“ఆడకు.” తన గొంతు తనకే కొత్తగా వినపడింది. “స్కేటు బూట్లు కూడా వేసుకోకు. నీ గదిలో ఉండే పిల్లని లేపు, లేపావా? లేపు. మీ జట్టు డాక్టరుకి ఫోన్ చెయ్యమను, ఇప్పుడే, నా మాటలన్నీ చెప్పమను. చీకటి మళ్ళీ వస్తే అంబులెన్సు పిలవమను. నేను వస్తున్నాను.”

కారు అర మైలు వెనక ఉంది, డులూత్ గంటంపావు దూరం. రొండా లేచి ఒక్క ఉదుటున పరిగెత్తబోయింది, ఒళ్ళంతా పరిగెత్తమని కేకలు పెడుతోంది, టీచర్ మోచెయ్యి పట్టుకుంది. “అలా పరిగెడితే నాలుగు నిమిషాల్లో కూలబడతావే. నీ పిల్లకి నువ్వు అక్కడికి చేరడం కావాలి. మెల్లగా. నాతో పాటు. తాళాలివ్వు, బండి నేను నడుపుతాను.” ఇచ్చింది. పళ్ళు బిగించి, ఏడుస్తూ, నడక కంటే ఒక్క వీసం ఎక్కువ వేగంతో కాళ్ళు కదిపింది, ఇంత మెల్లగానా, దేవుడా, ఇంత మెల్లగానా, ఎర్రమట్టి దారి అంగుళం అంగుళం వెనక్కి పోతోంది, గడియారం వైపు చూడలేదు, ఫోన్ చెవికి అదుముకుంది.

“అమ్మా, ఉన్నావా?”

“ఉన్నానే. ఫోన్ పెట్టను. మాట్లాడు, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు.”